చీటీ లేని గ్యాస్ గోలీ: రాన్‌టాక్ నుంచి పాన్-డి దాకా

రాత్రి పదిన్నర. అఫ్జల్‌గంజ్, ఉస్మాన్‌గంజ్ వైపు హోల్‌సేల్ దుకాణాల షట్టర్లు దిగే వేళ. మందుల షాపు కౌంటర్ మీద ఇరవై రూపాయల నోటు పెట్టి ఒకాయన అడుగుతాడు: "అన్నా, గ్యాస్ గోలీ ఇయ్యి." "ఏది?" "గదే, మొన్న ఇచ్చినవు గదా." షాపతను స్ట్రిప్‌లోంచి రెండు మాత్రలు కత్తిరించి ఇస్తాడు. మందు పేరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉన్న ముక్క షాపులోనే ఉండిపోతుంది. కొన్నాయనకు తాను మింగింది ఏమిటో తెలియదు. మరుసటి వారం మళ్లీ "గదే" అని అడుగుతాడు.

ఇది రోజుకూలీల సంగతేలే అనుకోకండి. అబిడ్స్, నాంపల్లిలో ఏ మధ్యతరగతి ఇంటికెళ్లినా ఫ్రిజ్ మీద ఒక ప్లాస్టిక్ డబ్బా ఉంటుంది. అందులో సగం వాడిన జెలుసిల్ సీసా, నాలుగు ఈనో పాకెట్లు, ఒక పాన్-డి స్ట్రిప్, ఎప్పటిదో రాన్‌టాక్ ముక్క ఉంటాయి. ఇంటిల్లిపాదికీ అన్నీ "గ్యాస్ మందులే". నిజానికి అవి మూడు వేర్వేరు జాతులవి. ఒకటి ఉన్న ఆమ్లాన్ని విరిచేది, ఒకటి ఆమ్లం తయారీని కాస్త తగ్గించేది, మరొకటి తయారీ పంపునే ఆపేసేది. పనిచేసే తీరు, చేసే కీడు, ఎన్నాళ్లు వాడొచ్చన్న లెక్క దేనిది దానిదే. చట్టం కూడా వాటిని ఒకే గాటన కట్టలేదు.

వీటిలో మధ్యదాని గురించి ముందు చెప్పాలి. ఎందుకంటే వార్తల్లో ఉన్నది అదే.

రానిటిడిన్ కథ

రాన్‌టాక్, జింటాక్, ఏసిలాక్ అన్నీ రానిటిడిన్ అనే ఒకే మందుకు పేర్లు. గ్లాక్సో కంపెనీ 1981లో బ్రిటన్‌లో విడుదల చేశాక కొన్నేళ్లకే ప్రపంచంలో అత్యధికంగా అమ్ముడైన మందుగా నిలిచింది. మేం వైద్యవిద్య చదివే రోజుల్లో కడుపులో మంట అంటే చేయి దానంతటదే రానిటిడిన్ అని రాసేది.

2019 సెప్టెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీనిలో ఎన్‌డీఎంఏ అనే మలినాన్ని గుర్తించినట్టు ప్రకటించింది. ఇది క్యాన్సర్ కారకం కావచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధన విభాగం వర్గీకరించిన రసాయనం. రోజుకు 96 నానోగ్రాములకు మించి శరీరంలోకి వెళ్లకూడదని ఎఫ్‌డీఏ పరిమితి పెట్టింది. ఆ సంవత్సరం అక్టోబరులో మన హైదరాబాద్ సంస్థ డాక్టర్ రెడ్డీస్ కూడా అమెరికా మార్కెట్ నుంచి తన రానిటిడిన్‌ను స్వచ్ఛందంగా వెనక్కి తీసుకుంది. 2020 ఏప్రిల్ 1న ఎఫ్‌డీఏ మొత్తం రానిటిడిన్‌నే మార్కెట్ నుంచి తీసేయమని కంపెనీలను కోరింది. అప్పటికి తేలిన అసలు చిక్కు ఏమిటంటే, ఈ మలినం తయారీలో పొరపాటున కలిసింది మాత్రమే కాదు. మాత్ర నిల్వ ఉన్నకొద్దీ, వేడి తగిలినకొద్దీ దానిలోనే పుట్టి పెరుగుతుంది. అమెరికాలో దావాలు వేలల్లో పడ్డాయి. 2024 అక్టోబరులో జీఎస్‌కే కంపెనీ సుమారు 80 వేల కేసులను 220 కోట్ల డాలర్ల వరకు చెల్లించి పరిష్కరించుకునేందుకు ఒప్పుకొంది, తప్పు మాత్రం ఒప్పుకోకుండానే.

మన దగ్గర ఏం జరిగింది? 2019లోనే తయారీదారులు తమ మందును పరీక్షించుకోవాలని కేంద్ర ఔషధ నియంత్రణాధికారి సూచించారు. 2022 సెప్టెంబరులో విడుదలైన జాతీయ అత్యవసర మందుల జాబితాలో 384 మందులు నిలిచాయి, 26 పోయాయి. పోయినవాటిలో రానిటిడిన్ ఒకటి. 2025 ఏప్రిల్‌లో ఔషధ సాంకేతిక సలహా మండలి ఈ విషయాన్ని మళ్లీ చర్చించింది. నిల్వ పరిస్థితులు సహా అన్ని కోణాలనూ చూసేందుకు కమిటీ వేయాలని, భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం చేయాలని సిఫార్సు చేసింది. ఆ తర్వాత జులైలో డీసీజీఐ అన్ని రాష్ట్రాల అధికారులకూ లేఖ రాశారు. ముడిసరుకులోనూ, తయారైన మాత్రల్లోనూ ఎన్‌డీఎంఏ ఎంతుందో కంపెనీల చేత పరీక్షింపజేయాలని, అవసరమైతే గడువు కాలం తగ్గించడం వంటి చర్యలు తీసుకోవాలని దాని సారాంశం.

ఇది నిషేధం కాదు. అందుకే షాపులో అడిగితే ఇస్తారు. అలాగని భయపడి నిద్ర మానుకోవాల్సిన పనీ లేదు. గతంలో నాలుగైదు స్ట్రిప్పులు వాడినవాళ్లకు క్యాన్సర్ వస్తుందని ఎవరూ నిరూపించలేదు. రానిటిడిన్ కడుపులోకి వెళ్లాక ఎన్‌డీఎంఏగా మారుతుందన్న అనుమానాన్ని ఎఫ్‌డీఏ ఆరోగ్యవంతుల మీద జరిపిన పరీక్ష బలపరచలేదు. ప్రశ్నంతా డబ్బాలో, గోదాములో, వేడిలో ఉన్న మాత్ర గురించే.

ఆ ప్రశ్న మన ఊరికి బాగా వర్తిస్తుంది. మాత్రల పెట్టెల మీద 25 లేదా 30 డిగ్రీలు మించని చోట ఉంచమని రాసి ఉంటుంది. మే నెలలో హైదరాబాద్ ఎండ నలభై దాటుతుంది. రేకుల కప్పు కింద కార్టన్లు పేర్చిన గది, ఏసీ లేని చిన్న షాపు, ఎండలో ఆగి ఉన్న ట్రాలీ ఆటో, మీ కారు డ్యాష్‌బోర్డు... వీటిలో ముప్ఫై డిగ్రీల మాట ఎవరికి పట్టింది? ప్రయోగశాలలో నెగ్గిన మాత్ర ఈ ప్రయాణంలో ఎలా ఉంటుందన్నదే తేలాలి. నా మట్టుకు నేను ఇప్పుడు రానిటిడిన్ రాయడం లేదు. అదే జాతికి చెందిన ఫామోటిడిన్‌లో ఎఫ్‌డీఏ పరీక్షల్లో ఈ మలినం కనిపించలేదు. పని దాదాపు అదే, ధరా తక్కువే. చేతిలో మంచి ప్రత్యామ్నాయం ఉన్నప్పుడు అనుమానం ఉన్నదాన్ని పట్టుకుని వేలాడటం ఎందుకు? మీ ఇంట్లో ఎవరైనా ఏళ్ల తరబడి రాన్‌టాక్ వాడుతుంటే తర్వాతిసారి డాక్టర్‌ దగ్గరికెళ్లినప్పుడు ఈ మాట అడగండి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ఫామోటిడిన్ అయినా సొంతంగా మొదలుపెట్టొద్దు, మోతాదు తగ్గించాల్సి ఉంటుంది.

చట్టంలో ఒకటి, కౌంటర్ మీద ఒకటి

చాలామందికి తెలియని విషయం: మన ఔషధ చట్టంలో చీటీ లేకుండా అమ్మే మందులు అంటూ ప్రత్యేకమైన తరగతి లేదు. చీటీ కావాల్సినవాటిని షెడ్యూల్ హెచ్ వంటి జాబితాల్లో పెట్టారు. వాటిలో లేనివి చీటీ లేకుండా అమ్ముకోవచ్చన్నది ఆచారం. షెడ్యూల్ కె అని ఇంకొకటుంది. అందులో వెయ్యికి మించని జనాభా ఉన్న ఊళ్లలో లైసెన్సు లేని దుకాణంలో కూడా అమ్మదగ్గ ఇంటి మందులున్నాయి: ఆస్ప్రిన్, పారాసిటమాల్, నొప్పి బామ్, ఆముదం, పిల్లల గ్రైప్ వాటర్, యాంటాసిడ్లు. అంటే జెలుసిల్, డైజీన్ లాంటివి పల్లెటూరి కిరాణా కొట్లో దొరకొచ్చని చట్టమే అంటోంది. 2022 మేలో కేంద్రం 16 మందులను చీటీ లేకుండా అమ్మే ముసాయిదా తెచ్చింది. ఐదు రోజులకు మించి వాడొద్దని, తగ్గకపోతే డాక్టర్‌ను కలవాలని అందులో షరతు. ఆ 16లో పాంటాప్రజోల్ లేదు, రాబెప్రజోల్ లేదు, ఒమెప్రజోల్ లేదు. అవి చీటీ మందులే.

కౌంటర్ మీద మాత్రం ఆ తేడా చెరిగిపోయింది. పాన్, పాంటాసిడ్, ఒమెజ్, రేజో అని అడిగితే చాక్లెట్ ఇచ్చినంత తేలిగ్గా ఇస్తారు. అమెరికాలో ఈ జాతి మందుల్లో కొన్ని చీటీ లేకుండానే దొరుకుతాయి. కానీ పెట్టె మీద స్పష్టంగా రాస్తారు: 14 రోజులే వాడాలి, మళ్లీ వాడాలంటే నాలుగు నెలల ఎడం ఉండాలి. అక్కడ చీటీ అక్కర్లేదు, హద్దుంది. ఇక్కడ కాగితం మీద చీటీ కావాలి, ఆచరణలో ఏ హద్దూ లేదు. రెండో పద్ధతే ప్రమాదకరమని నా అభిప్రాయం.

షాపువాళ్ల మీదే నెట్టేయడం కూడా న్యాయం కాదు. ఈ అలవాటు నేర్పింది మేమే. జ్వరానికి యాంటీబయాటిక్ రాస్తే పక్కన ఒక గ్యాస్ మాత్ర, మోకాలి నొప్పికి రాస్తే ఒకటి, మల్టీవిటమిన్‌తో కూడా ఒకటి. "పొద్దున పరగడుపున" అని రాస్తాం, ఎప్పటిదాకా అన్నది రాయం. ఓపీలో మనిషికి రెండు మూడు నిమిషాలు దొరికే చోట ఆపే తేదీ గురించి మాట్లాడటం మర్చిపోతాం. రోగి ఆ చీటీనే మూడేళ్లు దాచుకుని చూపిస్తాడు. నేను రాసిన పాత చీటీలే నా టేబుల్ మీదికి తిరిగొచ్చిన సందర్భాలు ఉన్నాయి.

పంపు ఆపే మందు ఎన్నాళ్లు?

పాంటాప్రజోల్ వంటివి కడుపు గోడలోని ఆమ్లపు పంపులకు అతుక్కుని వాటిని పని చేయనివ్వవు. అల్సర్ ఉన్నవాళ్లకు, అన్నవాహిక పుండు పడినవాళ్లకు, గుండె కోసం ఆస్ప్రిన్ వాడుతున్న పెద్దవయసువాళ్లకు ఇవి ప్రాణం కాపాడే మందులు. వాళ్లు ఈ వ్యాసం చదివి మాత్ర ఆపేయకూడదు. నేను మాట్లాడుతున్నది బిర్యానీ తిన్నందుకు, పెళ్లి భోజనానికి వెళ్తున్నందుకు, "రోజూ అలవాటు సార్" అని వేసుకునేవాళ్ల గురించి.

ఒక చిన్న అధ్యయనం చెబుతాను. 2009లో డెన్మార్క్‌లో కడుపు సమస్యలేమీ లేని 120 మందిని తీసుకున్నారు. సగం మందికి ఎనిమిది వారాలు ఎసోమెప్రజోల్ ఇచ్చి, తర్వాత నాలుగు వారాలు వాళ్లకు తెలియకుండా ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. మిగతా సగానికి మొదటి నుంచీ ఉత్తుత్తిదే. అసలు మందు ఆపాక 44 శాతం మందికి మంట, త్రేన్పులు వచ్చాయి. ఉత్తుత్తి మందు బృందంలో 15 శాతానికే వచ్చాయి. అంటే ఏ జబ్బూ లేనివాళ్లకు మందే మంటను అలవాటు చేసింది. ఆపగానే అణిచిపెట్టిన పంపులన్నీ ఒక్కసారి లేస్తాయి. "చూశారా, మానేస్తే మళ్లీ వచ్చింది, నాకు ఇది జీవితాంతం కావాలి" అని రోగి అనుకుంటాడు. అందుకే ఎక్కువకాలం వాడినవాళ్లు ఒక్కసారిగా మానకుండా డాక్టర్‌ సలహాతో మోతాదు తగ్గించుకుంటూ, రోజు మార్చి రోజుకు తెచ్చి, మధ్యలో మంట వస్తే ద్రవరూప యాంటాసిడ్ తాగి, రెండు మూడు వారాలు ఓపిక పట్టాలి.

ఏళ్ల తరబడి వాడితే బీ12 తగ్గొచ్చు. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడేవారిలో ఆ మందు కూడా బీ12ని తగ్గిస్తుంది కాబట్టి రెండూ కలిస్తే అరికాళ్ల తిమ్మిర్లు షుగర్ వల్లా, బీ12 లోపం వల్లా అన్నది తేల్చుకోవడం కష్టమవుతుంది. రక్తంలో మెగ్నీషియం పడిపోవడం, పెద్దవాళ్లలో ఎముక విరగడం, పేగుల్లో ఇన్ఫెక్షన్లు కూడా గమనించారు. అరుదుగా కిడ్నీలో వాపు వస్తుంది. తీవ్రమైన కిడ్నీ దెబ్బను మందుతో వచ్చే కాగితంలో హెచ్చరికగా చేర్చాలని 2019లో మన డీసీజీఐ కంపెనీలను ఆదేశించేలా చర్య తీసుకున్నారు. ఆ కాగితం కత్తిరించిన రెండు మాత్రలతో ఎలాగూ రాదు.

పేరు చివర "డి" అనో "డీఎస్‌ఆర్" అనో తోక ఉందేమో చూడండి. ఆ తోక పేరు డొంపెరిడోన్. అది వికారానికి, వాంతికి మందు, మంటకు కాదు. గుండె లయ దెబ్బతినే ప్రమాదం ఉందని 2014లో ఐరోపా ఔషధ సంస్థ దాన్ని వికారం, వాంతులకే పరిమితం చేసి, పెద్దవాళ్లకు రోజుకు 30 మిల్లీగ్రాములు మించొద్దని, మామూలుగా వారానికి మించి వాడొద్దని చెప్పింది. మన డీఎస్‌ఆర్ క్యాప్సూల్ ఒక్కదానిలోనే 30 మిల్లీగ్రాములుంటుంది. దాన్ని నెలల తరబడి రోజూ మింగేవాళ్లు నాకు ప్రతి ఓపీలో కనిపిస్తారు. గుండె జబ్బున్నవాళ్లు, క్లారిత్రోమైసిన్ లేదా ఫ్లుకోనజోల్ వాడుతున్నవాళ్లు ఈ తోక ఉన్న మందుకు దూరంగా ఉండాలి. స్టెంట్ వేయించుకుని క్లోపిడోగ్రెల్ వాడేవాళ్లు ఒమెప్రజోల్, ఎసోమెప్రజోల్ తీసుకోకూడదు. అవి రక్తం గడ్డకట్టకుండా చేసే ఆ మందు బలాన్ని తగ్గిస్తాయి. వాళ్లకు వేరేది రాయాలని మీ డాక్టర్‌కు గుర్తుచేయండి.

మూడు ఈనోలు తాగిన రాత్రి

కొన్నేళ్ల కిందట ఒక నైట్ డ్యూటీ. తెల్లవారుజామున నాలుగింటికి నలభై తొమ్మిదేళ్ల మనిషిని భార్య, తమ్ముడు ఆటోలో తీసుకొచ్చారు. కిరాణా హోల్‌సేల్ దుకాణంలో లెక్కలు రాసే ఉద్యోగం. "గ్యాస్ ఎక్కింది సార్, ఒక ఇంజక్షన్ ఇయ్యండి, పొద్దున దుకాణం తెరవాలె" అన్నాడు. చొక్కా తడిసి ఉంది. భార్య చెప్పింది: "రాత్రి పెండ్లిల తిన్నడు సార్. తొమ్మిదిన్నరకెల్లి రొమ్ముల మంట అంటుండు. మూడు ఈనోలు తాగిండు. తాగినంక జర నయమన్నడు, మళ్ల లేసింది." ఈసీజీ తీస్తే గుండె కింది గోడకు పూర్తిస్థాయి గుండెపోటు. ఆరున్నర గంటలు అప్పటికే పోయాయి.

రక్తపు గడ్డను కరిగించే ఇంజక్షన్ పన్నెండు గంటలదాకా ఇస్తాం. కానీ మొదటి రెండు మూడు గంటల్లో ఇచ్చినప్పుడు దక్కే కండరం తర్వాత దక్కదు. ఆయన బతికాడు. ఇప్పుడు రెండో అంతస్తు ఎక్కలేడు. గోదాము పని మానేసి ఇంటి దగ్గరే ఉంటున్నాడు. కూతురి ఇంటర్ ఫీజుకు తమ్ముడు సాయం చేస్తున్నాడని చెప్పారు.

ఆయన చేసింది తెలివితక్కువ పనేమీ కాదు. గుండె కింది భాగానికి వచ్చే పోటు పొట్ట పైభాగంలో నొప్పిగా, మంటగా, త్రేన్పులుగా, వాంతిగా కనిపిస్తుంది. ఆ నరాల దారులు దగ్గరదగ్గరగా ఉంటాయి. ఈనో తాగితే త్రేన్పు వచ్చి కాసేపు హాయిగా ఉండటం కూడా మామూలే, నొప్పి తనంతట తాను పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది కాబట్టి. గ్యాస్ మందుకు తగ్గింది కదా, గుండెది కాదన్న లెక్క తప్పు. డాక్టర్లు కూడా ఆ లెక్కను నమ్మకూడదు. ఆడవాళ్లలో, షుగర్ ఉన్నవాళ్లలో అసలు ఛాతీ నొప్పే లేకుండా అజీర్తిలాగా రావడం ఇంకా ఎక్కువ.

కాబట్టి నలభై దాటినవాళ్లు, షుగర్, బీపీ, పొగ అలవాటు, ఇంట్లో గుండె జబ్బుల చరిత్ర ఉన్నవాళ్లు ఈ నాలుగైదు మాటలు గుర్తుపెట్టుకోండి. మంటతో పాటు చెమట పడితే, దవడకో భుజానికో చేతికో వీపుకో పాకితే, నడిస్తే పెరిగి నిలబడితే తగ్గితే, ఆయాసమో కళ్లు తిరగడమో ఉంటే, ఇంతకుముందెప్పుడూ లేనంత కొత్తగా ఉంటే సీసా మూత తీయొద్దు. 108కి ఫోన్ చేయండి, ఈసీజీ ఉన్న దగ్గరి ఆస్పత్రికి వెళ్లండి. స్కూటర్ నడుపుకుంటూ వెళ్లొద్దు. ఈసీజీ మామూలుగా ఉండి "గ్యాసే" అని తేలితే సిగ్గుపడాల్సిందేమీ లేదు. అలా వచ్చినవాళ్లను చూసి మాకు సంతోషమే.

అసలైన యాంటాసిడ్ ఎలా వాడాలి

ఇక డైజీన్, జెలుసిల్ లాంటి పాతకాలపు సీసాలు. వీటిలో అల్యూమినియం, మెగ్నీషియం లవణాలుంటాయి, ఉబ్బరానికి సిమెథికోన్ కలుపుతారు. మొదటిది మలబద్ధకం చేస్తే రెండోది విరేచనం చేస్తుంది, అందుకే రెండూ కలిపి పెట్టారు. ఎప్పుడో ఒకసారి వచ్చే మంటకు నా దృష్టిలో మొదటి మందు ఇదే. పరగడుపున తాగితే అరగంటలో కడుపు దాటిపోతుంది. భోజనమైన గంట తర్వాత తాగితే రెండు మూడు గంటలు పనిచేస్తుంది. సీసా బాగా కుదిపి, మూతతో కొలిచి తాగాలి. మాత్రలైతే నమిలి మింగాలి, నీళ్లతో గుటుక్కున మింగితే సగం ఫలితమే. పడుకున్నప్పుడు గొంతులోకి పుల్లటి నీళ్లు తన్నుకొచ్చేవాళ్లకు ఆల్జినేట్ ఉన్న గావిస్కాన్ వంటివి మేలు, అవి కడుపులోని ఆహారం మీద తెప్పలా తేలి ఆమ్లాన్ని పైకి రానివ్వవు. ఏదైనా రోజూ అవసరమవుతూ రెండు వారాలు దాటితే అది ఇక ఇంటి మందు పరిధిలో లేదు.

కొన్న సీసాను వాసన, రంగు చూసే అలవాటు చేసుకోండి. 2023 ఆగస్టులో గులాబీ రంగులో తీయగా ఉండాల్సిన డైజీన్ జెల్ ఒక సీసాలో తెల్లగా, చేదుగా, ఘాటు వాసనతో ఉందని ఒక వినియోగదారు ఫిర్యాదు చేశారు. కంపెనీ గోవా ప్లాంటులో తయారైన జెల్‌ను స్వచ్ఛందంగా వెనక్కి తీసుకుంది. డీసీజీఐ ప్రజలకు హెచ్చరిక జారీ చేశారు. ఒక్కరు రుచి తేడాగా ఉందని ఊరుకోకుండా చెప్పడం వల్లే ఇది బయటపడింది.

ఈ సీసాల అసలు ఇబ్బంది వేరే మందులతో. థైరాయిడ్ మాత్రతో నాలుగు గంటల ఎడం ఉండాలి. ఐరన్ మాత్రలు, డాక్సీసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్ వంటి యాంటీబయాటిక్‌లు వీటితో కలిస్తే ముద్దకట్టి రక్తంలోకి వెళ్లవు. ముందు యాంటీబయాటిక్ వేసుకుని, కనీసం రెండు గంటలు ఆగాకే యాంటాసిడ్ తాగాలి. పొద్దున్నే థైరాయిడ్ మాత్ర, వెంటనే జెలుసిల్ తాగి "మోతాదు పెంచినా టీఎస్‌హెచ్ దిగడం లేదు" అని వచ్చే గృహిణులు తక్కువేం కాదు. కిడ్నీ జబ్బున్నవాళ్లకు అల్యూమినియం, మెగ్నీషియం బయటికి పోక ఒంట్లో పేరుకుంటాయి, వాళ్లు ఈ సీసాలను ముట్టుకోవద్దు.

ఈనో సంగతి వేరు. నిమ్మ రుచి పాకెట్ మీద స్వర్జిక్షార, నింబూకామ్లం అని ఉంటుంది. పేర్లు చూసి మూలికలనుకుంటారు. మొదటిది మన వంటసోడా, రెండోది నిమ్మ ఉప్పు. ఢోక్లా పిండిలో వేసే పాకెట్టే కావడంతో దాన్ని మందుల లెక్కలో ఎవరూ వేయరు. 5 గ్రాముల పాకెట్‌లో సగానికి దగ్గరగా ఉండే ఆ సోడాలోంచే 600 మిల్లీగ్రాములపైన సోడియం వస్తుంది. రోజు మొత్తానికి రెండువేలు మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. ఆవకాయ, అప్పడం, మిర్చి బజ్జీ ఇంకా లెక్కలోకి రాలేదు. బీపీ, గుండె నీరసం, కిడ్నీ జబ్బు, కాళ్ల వాపు ఉన్నవాళ్లకు, గర్భిణులకు ఇది పనికిరాదు. పొట్ట పగిలేలా తిన్న వెంటనే తాగడం కూడా మంచిది కాదు, నురగ గ్యాసంతా అప్పటికే సాగి ఉన్న కడుపు మీదే పడుతుంది. మనవాళ్లు తాగేది సరిగ్గా అప్పుడే.

మంటకు కారణం వేరే మందు కావచ్చన్నది ఇంట్లో ఎవరికీ తట్టదు. మోకాళ్లకు రోజూ వేసుకునే డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, తలనొప్పికి కాంబిఫ్లామ్ కడుపు పొరను తినేస్తాయి. నొప్పి మాత్రతో తెచ్చుకున్న పుండును గ్యాస్ మాత్రతో కప్పిపుచ్చుతుంటే ఒకరోజు తారులా నల్లటి విరేచనం అవుతుంది. అది రక్తం. అలాగే మింగుడు పడకపోవడం, బరువు తగ్గడం, ఆగని వాంతులు, రక్తహీనత, యాభై దాటాక కొత్తగా మొదలైన అజీర్తి... వీటికి ఎండోస్కోపీ కావాలి, సీసా కాదు. మళ్లీ మళ్లీ వచ్చే అల్సర్ వెనక హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా ఉండొచ్చు. దాన్ని కనిపెట్టిన మార్షల్, వారెన్‌లకు 2005లో నోబెల్ వచ్చింది. పద్నాలుగు రోజుల మందుల కోర్సుతో పోయే జబ్బును పద్నాలుగేళ్లు గ్యాస్ అనుకుని గడిపినవాళ్లను చూశాను.

తిండి విషయంలో పెద్ద ఉపన్యాసం అక్కర్లేదు. ఈ ప్రాంతపు దినచర్యే మంటకు సరిపోతుంది. ఉస్మానియా బిస్కెట్ ఉస్మానియా ఆస్పత్రి రోగుల కోసమే పుట్టిందని పాతనగరంలో చెప్పుకుంటారు, నిజమెంతో గానీ ఆ బిస్కెట్లు రెండు, ఇరానీ చాయ్ మూడుసార్లు, అన్నం మధ్యాహ్నం మూడింటికి, రాత్రి పదకొండింటికి కడుపు నిండా తిని పదకొండున్నరకు పడక. తినడానికీ పడుకోవడానికీ మధ్య మూడు గంటలు పెడితే సగం మందికి మాత్ర అవసరం తగ్గుతుంది. మంచం తలవైపు కాళ్ల కింద ఆరంగుళాల ఇటుకలు పెట్టండి, రెండు దిండ్లు పెట్టుకుంటే మెడ వంగుతుంది తప్ప లాభం లేదు. ఎడమవైపు తిరిగి పడుకోండి. నడుం చుట్టూ నాలుగు కిలోలు తగ్గినా తేడా తెలుస్తుంది. పాలు తాగితే చల్లబడుతుందన్నది కాసేపటి మాటే, తర్వాత ఆమ్లం ఇంకా ఊరుతుంది.

అధికారులు చేయగలిగింది కూడా ఉంది. యాంటాసిడ్‌లను చిన్న ప్యాకుల్లో, ఎన్నిరోజులు వాడాలో, ఎవరు వాడకూడదో తెలుగులో రాసి అమ్మించొచ్చు. నేను చూసే పెట్టెల మీద ఇంగ్లిష్, మహా అయితే హిందీ కనిపిస్తుంది. మందు పేరు లేకుండా స్ట్రిప్ కత్తిరించి ఇవ్వడం ఆపించొచ్చు. అది జరిగేదాకా షాపులో మీరే ఒక మాట అడగండి: పేరు, గడువు ఉన్న వైపు నుంచి కత్తిరించి ఇవ్వమని. ఇవ్వనంటే పది మాత్రల స్ట్రిప్ మొత్తం కొనండి, ఫోన్‌లో దాని వెనకవైపు ఫొటో తీసుకోండి.

ఓపీకి వచ్చేటప్పుడు ఫ్రిజ్ మీద డబ్బాలో ఉన్నవన్నీ ఒక కవర్‌లో వేసుకుని తీసుకురండి. సగం తాగిన సీసాలు, వంటింటి పాకెట్లు, నొప్పి మాత్రలు కూడా. "గ్యాస్‌కు ఏదో వాడుతున్నాం సార్" అంటే మాకు అర్థం కాదు.